ఫ్రిజ్‌లో ఇస్పేటు రాణి

మా ఇంట్లో ఫ్రిజ్ పైఅరలో, ఐసు గిన్నె పక్కన, ఒక పేకముక్క ఉంటుంది. చుట్టాలెవరైనా ఐసు కోసం తలుపు తీసి, దాన్ని చూసి, తర్వాత నా ముఖం చూస్తారు. నేను ఏమీ చెప్పను. ఈ వయసులో ఇస్పేటు రాణిని గడ్డకట్టించి దాచుకున్నానంటే వాళ్ళకు తోచిందేదో వాళ్ళు అనుకుంటారు. చెప్పబోతే అది ఇంకా పెద్దదవుతుంది. ఇక్కడైతే అడ్డు తగిలేవాళ్ళు లేరు కాబట్టి మొదట్నుంచీ చెప్తాను.

మాది పాతపట్నం. మా అక్కా నేనూ ఇద్దరం ఈ ఊరికే కోడళ్ళుగా వచ్చాం, పక్కపక్క వీధుల్లోకి. బావది బెల్లం, చింతపండు టోకు వ్యాపారం, కింద కొట్టు, పైన ఇల్లు. మా ఆయనది బట్టల కొట్టు. మధ్యాహ్నం భోజనాలయ్యాక బజారంతా షట్టర్లు సగానికి దించుకుని కునుకు తీస్తుంది. మేం నలుగురం మాత్రం బావ కొట్టు వెనక గదిలో చాప పరుచుకుంటాం. పదమూడు ముక్కల రమ్మీ, రెండు పేకలు కలిపి. ఏళ్ళ తరబడి ఇదే వరస. పిల్లలు ఫోన్లలో పోకరని ఏదో ఆడుతున్నారు, అందులో లోపల ఉన్నది ముఖంలో కనపడకూడదట. మా నలుగురికీ ఆ ఆట పనికిరాదు. మా ఆయనకి జోకరు పడితే చెవులు ఎర్రబడతాయి.

మేం డబ్బు పెట్టి ఆడం. పొద్దంతా దానితోనే కదా వేగేది. మా పందెం చింతపిక్కలు. బావ గొడౌనులో వాటికి కరువు లేదు. ఇంటికొక డబ్బా. అక్కాబావలది ఒకటి, మాది ఒకటి. మొగుడు గెలిచినా పెళ్ళాం గెలిచినా పిక్కలు పడేది ఆ ఇంటి డబ్బాలోనే, ఎవరు ఓడినా తీసేది అందులోంచే. డబ్బా ఖాళీ అయినవాళ్ళు సాయంత్రం అందరికీ బజ్జీలు తెప్పించాలి. అంతకు మించి మా ఆటలో పోయేది ఏమీ లేదు. కానీ ఓడిపోవడం అంటే ఓడిపోవడమే. ముక్కలు పడకపోతే మనిషికి పిచ్చెక్కుతుంది, ఆ పిచ్చికి ఎవరి మందు వాళ్ళు కనిపెట్టుకున్నారు.

మా ఆయన మందు కాలు. ముక్కలు బాగాలేకపోతే కుడికాలు మడిచి దాని మీద కూర్చుంటాడు. కాలు తిమ్మిరెక్కాక మంచి ముక్క పడుతుందని ఆయన సిద్ధాంతం. ఆట అయ్యాక లేవలేడు. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని లేపితే, గోడ పట్టుకుని ఒంటికాలి మీద కొట్టు తెరవడానికి వెళ్తాడు.

బావ మందు బనియను. ఒక ఆట పోతే బనియను తిరగేసి తొడుక్కుంటాడు. రెండో ఆట కూడా పోతే వెనకది ముందుకు. మూడోదీ పోతే కుడి చెప్పు ఎడమ కాలికి, ఎడమ చెప్పు కుడి కాలికి వేసుకుని ఇంటి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చి కూర్చుంటాడు. వీధిలో వాళ్ళు బావ బనియను చూసి లోపల ఆట ఎలా నడుస్తోందో చెప్పేసేవారు. దీనికి తోడు ఇంకో నియమం ఉంది. రోజులు బాగాలేనప్పుడు ఎదుటివాళ్ళు పడేసిన ముక్క ముట్టుకోడు. "పారేసిన ముక్కకి పారేసినోడి దరిద్రం అంటుకుని ఉంటాది" అంటాడు. పేకలోంచి ఏది వస్తే అదే తీసుకుంటాడు. అలా ఆడితే ఎవరికైనా రోజులు బాగుండవని చెప్పి చూశాం. వినలేదు.

ఇక నా మందు. రెండు పేకలు గనక ఇస్పేటు రాణులు ఇద్దరు. ఒకావిడ మర్యాదస్తురాలు. రెండో ఆవిడకి మూల మడత పడింది, ఆ మడతే నా ప్రాణానికి గుర్తు. నాకు రాజూ జాకీ లేనప్పుడే వస్తుంది, చేతిలో పదేసి పాయింట్లు బరువై కూర్చుంటుంది. పడేద్దామనుకునే లోపల ఎవరో వరసలన్నీ కలిపి షో కొట్టేస్తారు. ఒకరోజు ఒళ్ళు మండి ఆవిడని ఇంటికి పట్టుకెళ్ళి ఫ్రిజ్ పైఅరలో పడేశాను, పొద్దున్నదాకా అక్కడే ఉండి బుద్ధి తెచ్చుకోమని. మర్నాడు గెలిచాను. అప్పట్నుంచి ఆవిడ తప్పు చేసినప్పుడల్లా అదే శిక్ష. మర్నాడు బయటికి తీసి, తడి తుడిచి, పౌడరు రాసి మళ్ళీ పేకలో కలుపుతాను. శిక్ష వేరు, పోషణ వేరు.

అక్కకి ఇవేవీ లేవు. మోకాళ్ళు చాపుకుని, వక్కపలుకు నములుతూ, పడ్డ ముక్కతో ఆడుతుంది. గెలుస్తుంది. మా ముగ్గురి వేషాలూ చూసి "ముక్కలకి కళ్ళున్నాయేటి, నీ బనియను సూసి పడ్డానికి?" అంటుంది. అక్క బావని మీరు అనే పిలుస్తుంది, బనియను విషయంలో మాత్రం నువ్వు.

ఒక వానాకాలం బావ ఓటమి మరీ ముదిరిపోయింది. రోజుల తరబడి ఒక్క ఆట పడలేదు. పేకకే దిష్టి తగిలిందని బావ తేల్చాడు. నన్ను తీయమన్నాడు. నాకూ సరదాగానే ఉంది. ఎండుమిరపకాయలూ కళ్ళుప్పూ గుప్పెట్లో పట్టుకుని, పేక చుట్టూ మూడుసార్లు తిప్పి, గదిలోనే బొగ్గుల మీద వేశాను. దిష్టి ఉంటే మిరపకాయలు కాలినా ఘాటు రాదు కదా. ఆరోజు ఘాటుకి మేం నలుగురం చాప వదిలేసి వీధిలో పడ్డాం. బెల్లం కొనడానికి వచ్చినాయన తుమ్ముకుంటూ వెళ్ళిపోయాడు. అక్క కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, కళ్ళనీళ్ళు కారుతుండగా తీర్పు చెప్పింది. "సూసినారా, దిష్టి లేదు. ఆడ్డమే రాదు."

ఇంకో వారానికి నవ్వులు ఆగిపోయాయి. మూడో ఆట పోయి బావ తిరగేసిన చెప్పులతో ప్రదక్షిణానికి వెళ్ళాడు. ఎంతసేపటికీ రాలేదు. ఆయన కలిపి వెళ్ళిన ముక్కలు పంచి కూర్చున్నాం. మా ఆయన పిలిచాడు, పలుకు లేదు. అక్క లేచి వెళ్ళింది. పెరట్లో బోరింగు పట్టుకుని నిలబడి ఉన్నాడు బావ. ముఖమంతా చెమటలు, ఎడమచెయ్యి పట్టుకుని ఊపిరి అందుకుంటున్నాడు. "ఏటీ లేదు, గేసు" అన్నాడు. ఆ గేసుని ముందు శ్రీకాకుళం తీసుకెళ్ళాం, అక్కడివాళ్ళు వైజాగు పంపారు. వైజాగులో పరీక్షలన్నీ చేసి, రక్తనాళాలు మూసుకుపోయాయి, బైపాసు చెయ్యాలి, ఎక్కువ రోజులు ఆగొద్దు అన్నారు. తేదీ కూడా ఇచ్చారు.

ఇంటికొచ్చాక బావ రానన్నాడు. బతిమాలితే నవ్వాడు, కోప్పడితే బెల్లం దిమ్మలు సర్దుతూ కూర్చున్నాడు. ఆఖరికి చాప మీద కూర్చుని అసలు మాట చెప్పాడు.

"నాకు టైం బాగులేదు. వరసపెట్టి ఓడిపోతన్నాను. పదమూడు ముక్కలే కలవనోడికి కోసిన గుండె కలుస్తాదేటి?"

"బావా, పేకకీ ఆపరేషనుకీ ఏటి సంబంధం?" అన్నాను.

"నీకు లేదేటి మరదలా? ముక్కని ఫ్రిజ్‌లో పెడతావు గదా."

నేను చేతిలో పేక కింద పెట్టేశాను.

"ఒక్క ఆట. ఒక్క షో కొట్టనియ్యండి. కొట్టిన మర్నాడే బండెక్కుతాను," అన్నాడు బావ. పరాచికం కాదని కళ్ళు చూస్తే తెలుస్తోంది. ఆ మనిషికి భయంగా ఉంది. భయమని చెప్పుకోలేక పేక మీద పెడుతున్నాడు.

ఆరోజు వంటగదిలో అక్క పోపుగింజలు వేయించడానికి మూకుడు పెట్టి, వేయించడం మర్చిపోయి నిలబడింది. "ఒసే, నాకు కాళ్ళూ సేతులూ ఆడ్డం లేదే," అంది. చిన్నప్పట్నుంచీ అక్క నోట అలాంటి మాట నేను వినలేదు. నాకు ఏడుపొచ్చింది. ఇద్దరం కలిసి కాస్త ఏడ్చి, మూకుడు మాడకముందే దించి, కుట్ర పన్నాం. తేదీలోగా బావ గెలవాలి. గెలిపించాలి. బావకి తెలియకూడదు.

చెప్పినంత సులువు కాదు. బావకి కావలసిన ముక్క పడేద్దామంటే పడేసిన ముక్క ఆయన ముట్టడు. పంచేటప్పుడు ఏదైనా చేద్దామంటే, పంచేది ఎవరైనా ముక్కలు కలిపేది బావే. ఇక మిగిలింది ఒక్కటే. మేం ముగ్గురం షో కొట్టకుండా, బావకి పేకలోంచే పడేదాకా కాచుకుని కూర్చోవాలి. మా ఆయనకి కూడా అంతా వివరంగా చెప్పాం. అర్థమైందన్నాడు, దేవుడి పటం మీద ఒట్టేశాడు కూడా.

మర్నాడు రెండో ఆటలోనే మా ఆయన కాలు తిమ్మిరెక్కింది. పేకలోంచి ముక్క తీశాడు. చెవులు ఎర్రబడ్డాయి. నేను మోచేత్తో పొడిచాను. మనిషి ఈ లోకంలో లేడు. "షో" అని ముక్కలన్నీ చాప మీద పరిచేసి, గర్వంగా చుట్టూ చూసి, అక్క ముఖం దగ్గర ఆగిపోయాడు.

"అలవాటులో అనేసినాను వదినా," అన్నాడు మెల్లిగా.

"ఏటి అలవాటు?" అన్నాడు బావ.

"గెలవడం అన్నయ్యా," అన్నాడు మా ఆయన. అంతకన్నా మంచి అబద్ధం ఆయనకి తట్టలేదు. ఆరోజు అక్క ముగ్గురికే కాఫీ తెచ్చింది.

నా సంగతి అంతకన్నా ఘోరం. ఇన్నేళ్ళూ మంచి ముక్కల కోసం వేసిన వేషాలన్నీ ఇప్పుడు తలకిందులుగా వెయ్యాల్సి వచ్చింది. ఇస్పేటు రాణిని శిక్ష నుంచి విడుదల చేశాను. పౌడరు రాసి, "రా తల్లీ, నీ దయ, నా దగ్గరే ఉండు," అని బతిమాలాను. పంచుతుండగానే ముక్కలు ఎత్తి చూశాను, అలా చూస్తే చెడుతుందని మాలో నమ్మకం. "ఈసారి నాకు భలే ముక్కలు పడతాయి," అని పైకి అన్నాను, అంటే పడవు గనక. పడ్డాయి. జన్మలో ఎప్పుడూ పడనట్టు పడ్డాయి. ఆ మడత రాణి కూడా వచ్చింది. ఎలా వచ్చింది? అటు రాజుని, ఇటు జాకీని వెంటపెట్టుకుని పెళ్ళిపందిట్లోకి వచ్చినట్టు వచ్చింది. ఏళ్ళపాటు నేను ఫ్రిజ్‌లో పెట్టినందుకు కసి తీర్చుకుంది. కలిసిన ముక్కల్ని కలిసినట్టే విడగొట్టి ఒక్కొక్కటీ పడేశాను. ఒక ఆటలోనైతే ఏం పడేసినా ఇంకోటి కలుస్తోంది. ఓడిపోవడానికి అంత కష్టపడిన ఆడదాన్ని పాతపట్నం చూసి ఉండదు.

బావకి మాత్రం పడలేదు. ఎంతసేపు కాచుకున్నా ఒక్క ముక్క తక్కువే. ఆట సాగీ సాగీ, పేక అయిపోయి, మళ్ళీ కలిపి, అయినా ఎవరూ షో కొట్టకపోతే బావ కళ్ళజోడు మీదుగా మా వైపు చూశాడు.

"ఏటర్రా, మీకందరికీ ఒకేపాలి టైం పాడైపోనాదేటి?"

"వానలు గదా అన్నయ్యా," అన్నాడు మా ఆయన.

అలా తేదీ ముందురోజు వచ్చేసింది. తెల్లవారి బండి మాట్లాడి ఉంది. అక్క కొడుకుకి వైజాగులోనే ఉద్యోగం, ఆస్పత్రిలో కాగితాల పని చూసుకుని కాచుకుని ఉన్నాడు. అక్క సంచి సర్ది గుమ్మం దగ్గర పెట్టింది. బావ ఆ సంచి పక్కనుంచే వెళ్ళి చాప మీద కూర్చున్నాడు. ఇప్పుడు ప్రదక్షిణాలు చెయ్యనివ్వడం లేదు గనక చెప్పులు తిరగేసి వేసుకుని కూర్చునే ఆడుతున్నాడు. మొదటి ఆట ఎవరికీ పడలేదు. రెండోదీ అంతే. నేనైతే ముక్కల వైపు చూడ్డం కూడా మానేసి లోపల దేవుళ్ళందరినీ వరసపెట్టి తిడుతున్నాను.

మూడో ఆటలో అక్క "షో" అంది.

మా ఆయన నోరు తెరిచాడు. నేను అక్క వైపు చూశాను. మేం ఇద్దరం ఇన్నాళ్ళూ కలిసిన ముక్కలు పారేసుకుంటుంటే ఇదేమిటి అనుకున్నాను. అక్క ముక్కలు చాప మీద పరిచి, లేచి వెళ్ళి వాళ్ళింటి చింతపిక్కల డబ్బా తెచ్చి బావ ముందు పెట్టింది.

"ఈ డబ్బా ఎవలిది?"

"మనదే," అన్నాడు బావ.

"ఎవలు గెలిస్తే నిండినాదో దాని మీద రాసుందేటి?"

"లేదు."

"నిండుగా ఉన్నాదా, ఖాళీగా ఉన్నాదా?"

బావ మూత తీసి చూశాడు. పిక్కలు అంచుదాకా ఉన్నాయి. బావ ఇన్నాళ్ళూ ఓడినవన్నీ పోయినా, అక్క గెలిచినవి నిండుతూ వచ్చాయి. ఆ డబ్బా ఖాళీ అయి వాళ్ళు బజ్జీలు తెప్పించిన రోజు నాకు గుర్తు లేదు.

"నిండుగానే ఉన్నాది," అన్నాడు.

"మరి టైం బాగులేనిది ఎవలికి? నీకొక టైము, నాకొక టైము ఉన్నాదేటి? నాను గెలిసినాను. అంటే మన ఇల్లు గెలిసినాది. షో కొడితే బండెక్కుతానన్నావు. ఎక్కు." అక్క ఈసారి బనియను గొడవ లేకుండానే నువ్వు అంది.

మా ఆటలో ఎవరు షో కొట్టినా ముక్కలు సరిచూసేది బావ. తప్పు షో కొడితే డబ్బాలోంచి రెట్టింపు పిక్కలు తీయించేదాకా ఊరుకోడు. మేనల్లుడి పెళ్ళి విడిదిలో వియ్యంకుడి తప్పు షో పట్టుకుని పెళ్ళివారితో మాటపడ్డ మనిషి. అలవాటుగా కళ్ళజోడు సర్దుకుని అక్క ముక్కల మీదికి వంగాడు. నేనూ చూశాను. ఆఠీను అయిదు, ఆఠీను ఆరు, పక్కన ఎర్రగానే ఉంది, కానీ డైమను ఏడు. ఆ వరస కలవలేదు. అది ఆట కాదు. అక్క జన్మలో తప్పు షో కొట్టి ఎరగదు. చూసుకోక కొట్టిందో, చూసుకునే కొట్టిందో ఇప్పటికీ చెప్పదు.

బావ ఆ ముక్క మీద చూపు ఆపాడు. తర్వాత అక్క వైపు చూశాడు. కళ్ళజోడు తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. ముక్కలన్నీ తనే దగ్గరికి లాగి పేకలో కలిపేశాడు.

"సరిగ్గానే ఉన్నాది," అన్నాడు. చెప్పులు విప్పి ఏ కాలిది ఆ కాలికి వేసుకుని, "బండి ఎన్నిగంటలకి?" అని అడిగాడు.

రెండు కొట్లూ చూసుకోవడానికి మా ఆయన ఊళ్ళోనే ఉండిపోయాడు. నేను అక్కతో వెళ్ళాను. ఆపరేషను గదిలోకి తోసుకెళ్ళేటప్పుడు బావ ఆకుపచ్చ గౌను వెనకనున్న తాళ్ళు చూపించి, "సూడు మరదలా, ఈల్లే ఎనకది ముందుకి తొడిగేసినారు," అన్నాడు. నర్సుకి అర్థం కాలేదు. అక్కా నేనూ నవ్వాం. తలుపు మూశాక నవ్వు ఆగిపోయింది. కుర్చీల్లో కూర్చున్నాం. చుట్టూ ఎవరి మొక్కులు వాళ్ళు మొక్కుకుంటున్నారు. అక్క మాత్రం ఎప్పట్లాగే మోకాళ్ళు చాపుకుని గోడ వైపు చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి నా వైపు తిరక్కుండానే అడిగింది.

"ఒసే, ఆ రాణిని ఫ్రిజ్‌లో పెట్టినావా?"

నేను విన్నది నమ్మలేకపోయాను. "లేదక్కా. పేకలోనే ఉన్నాది."

"మీ ఆయనకి ఫోన్ సెయ్యి. పెట్టమను."

అక్క ముఖంలో నవ్వు లేదు. వరండాలోకి వెళ్ళి మా ఆయనకి ఫోన్ చేశాను. ఎలా చెప్పాలో తెలియక, అక్క అడిగిందని, నవ్వొద్దని, మడత ఉన్న ఇస్పేటు రాణిని వెతకమని చెప్పబోయాను. ఆయన సగంలోనే ఆపాడు.

"పొద్దున్న మీ బండి సందు తిరగ్గానే పెట్టేసినాను. వదినకి సెప్పు," అన్నాడు.

బావ బయటపడ్డాడు. డాక్టరుగారు తన చెయ్యి మంచిదనుకుంటున్నారు, అనుకోనిచ్చాం. నెలలు గడిచి, బావ మెట్లు దిగి కొట్టు వెనక గదిలోకి వచ్చిన మధ్యాహ్నం మళ్ళీ చాప పరిచాం. రాణిని తెద్దామని నేను లేచాను. అక్క చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేసింది. "దాన్నక్కడే ఉండనీ," అంది.

అప్పట్నుంచి మా పేకలో ఒక ముక్క తక్కువ. అంత లెక్కలు చూసే మా బావ దాని గురించి ఒక్క మాట అనడు, కానీ ఇస్పేటు రాజూ జాకీ చేతిలో పెట్టుకుని మధ్యది రాక ఉడుక్కుంటూనే ఉంటాడు. మొన్న వరసగా నాలుగు ఆటలు పోయాయి. బనియను తిరగెయ్యడానికి చేతులు పైకెత్తితే గుండె మీద కుట్టు లాగింది, ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. "ఇలగైతే ఎలాగే, ఓడిపోతన్నాను గదా," అన్నాడు అక్కతో.

అక్క ముక్కల్లోంచి తలెత్తలేదు.

"ఓడిపోండి," అంది. "రోజూ నా ఎదురుగా కూసుని ఓడిపోండి."